మెల్‌బోర్న్‌లో ఏ పేటలో దిగాలి?



పిల్లల్ని వెంటబెట్టుకుని ఆస్ట్రేలియా వెళ్లే కుటుంబాలకు వీసా చేతికొచ్చిన రోజు నుంచీ ఒకటే ఆలోచన. ఏ ఊరో ఉద్యోగమే తేల్చేస్తుంది, అందులో పేచీ లేదు. ఆ ఊళ్లో ఏ పేటలో, అక్కడివాళ్లు చెప్పే మాటలో ఏ సబర్బ్‌లో దిగాలన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. ఈ పూట నేను మెల్‌బోర్న్ నగరం గురించే మాట్లాడతాను. చాలా ఏళ్లుగా నేనుండేది ఆ నగరం పడమటి వైపున. కొత్తగా వచ్చే మనవాళ్లకు ఇల్లు, బడి వెతకడంలో చేతనైన సాయం చేస్తూ ఉంటాను.

ఫోన్ చేసినవాళ్లంతా దాదాపు ఒకేలా అడుగుతారు. "అక్కా, టార్నీట్‌లో మనవాళ్లు ఎక్కువట కదా, అక్కడ తీసుకోమంటారా? లేకపోతే గ్లెన్ వేవర్లీలో స్కూళ్లు మంచివంటున్నారు, అద్దె ఎక్కువైనా అటే వెళ్లమంటారా?" నేను వెంటనే జవాబు చెప్పను. "మీ పెద్దపిల్ల ఏ క్లాసమ్మా?" అని అడుగుతాను. పేటను ఎంచుకోవాల్సింది ఇంట్లో అందరికంటే పెద్దబిడ్డ వయసును బట్టి అని నేను గట్టిగా నమ్ముతాను. ఆరేళ్లవాడు ఏ బడిలో వేసినా నాలుగు వారాల్లో స్నేహితుల్ని వెంటేసుకుని తిరుగుతాడు, ఏడాది తిరిగేలోగా అక్కడి యాస పట్టేస్తాడు. పద్నాలుగేళ్ల పిల్ల అలా కాదు. స్నేహితుల్ని, భాషను, తన క్లాసులో తనకున్న పేరును, అన్నింటినీ వదులుకుని వస్తుంది. కొత్తచోట కుదురుకోవడానికి ఆమెకున్న గడువు మూడు నాలుగేళ్లే. ఆ తర్వాత స్కూలు చదువే అయిపోతుంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. విక్టోరియా రాష్ట్రంలో బడి జనవరి చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. ఏడాదికి నాలుగు టర్ములు. ఏప్రిల్ 30 నాటికి ఐదేళ్లు నిండే పిల్లలు ఆ ఏడాది ప్రెప్ అనే మొదటి తరగతిలో చేరవచ్చు. అక్కడి నుంచి పన్నెండో ఏడు, అంటే పన్నెండో తరగతి దాకా, బయటి నుంచి వచ్చిన పిల్లల్ని సాధారణంగా వయసును బట్టే కూర్చోబెడతారు. మన దగ్గర ఏ క్లాసు పాసయ్యారన్నది ఆ తర్వాతి మాట. మన దేశంలో తొమ్మిది పూర్తిచేసి జూన్‌లో పదో తరగతి పుస్తకాలు కొనుక్కోవాల్సిన పాప జూలైలో మెల్‌బోర్న్ చేరితే, అప్పటికి అక్కడి విద్యాసంవత్సరం సగం గడిచిపోయి ఉంటుంది. వయసును బట్టి తొమ్మిదో ఏడు మధ్యలోనో పదో ఏడు మధ్యలోనో కూర్చుంటుంది. పదో ఏడులో పడితే, కొద్ది వారాల్లోనే పదకొండు, పన్నెండుల్లో ఏ సబ్జెక్టులు చదువుతావో చెప్పమని కాగితం చేతికిస్తారు. లెక్కల్లోనే జనరల్, మెథడ్స్, స్పెషలిస్ట్ అని వేర్వేరు దారులుంటాయి. ఇంజినీరింగ్ కోర్సులు చాలావాటికి మెథడ్స్ చదివి ఉండాలి. బడి గేటు ఎటు ఉందో కూడా ఇంకా అలవాటు కాని పిల్ల ఇవన్నీ తేల్చుకోవాలి.

ఇప్పుడు దీన్ని పేటతో కలిపి చూద్దాం. టార్నీట్, ట్రుగనినా, విండమ్ వేల్, పాయింట్ కుక్, ఇవన్నీ నగరానికి పడమట విండమ్ అనే పురపాలక ప్రాంతంలోకి వస్తాయి. 2021 జనాభా లెక్కల్లో విండమ్ జనాభా 2 లక్షల 92 వేలు. ఒక తరం కిందట గడ్డి మైదానాలుగా ఉన్న చోట ఇప్పుడు వీధుల మీద వీధులు వెలిశాయి. జనం ఇంత వేగంగా పెరిగే చోట ప్రభుత్వం కొత్త బడులు కడుతూనే ఉంటుంది. భవనాలు బాగుంటాయి, టీచర్లు ఉత్సాహంగా ఉంటారు. అయితే కొత్త హైస్కూలు చాలాసార్లు ఏడో ఏడుతో మాత్రమే తెరుచుకుంటుంది. మరుసటి ఏడాది ఎనిమిది, ఆ పైఏడాది తొమ్మిది, అలా మెట్టు మెట్టుగా పెరుగుతుంది. ఇంటి కిటికీలోంచి కనిపించే బడిలో మీ పద్నాలుగేళ్ల అమ్మాయి కూర్చోవడానికి తరగతే ఉండకపోవచ్చు. అప్పుడు ఆమె బస్సెక్కి ఇంకో బడికి వెళ్లాలి. పదకొండు, పన్నెండు కొత్తగా మొదలైన బడిలో ఇంకో చిక్కు ఉంటుంది. స్పెషలిస్ట్ లెక్కలకో భౌతికశాస్త్రానికో కావలసినంతమంది పిల్లలు లేకపోతే ఆ క్లాసు నడపరు. వర్చువల్ స్కూల్ విక్టోరియా అనే ప్రభుత్వ బడి ద్వారా ఆన్‌లైన్‌లో చదివించే దారి ఉంది. కానీ కొత్తగా వచ్చిన పిల్లకు పక్క బెంచీలో మనిషి ఉండటమే ముఖ్యమని నా అభిప్రాయం.

అందుకే పెద్దబిడ్డ తొమ్మిదో ఏడు దాటిన ఇంటివాళ్లకు, పన్నెండో ఏడు నుంచి కొన్ని బ్యాచ్‌లైనా బయటికి వెళ్లిన బడి ఉన్న పేట చూసుకోమని చెబుతాను. పిల్లలు ప్రైమరీలో ఉన్నవాళ్లకు ఆ కొత్త పేటలే మేలు. విండమ్ జనంలో దాదాపు సగంమంది వేరే దేశాల్లో పుట్టినవాళ్లు. అక్కడి తరగతిలో అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే. పాత పేటల్లో ప్రెప్ నుంచీ కలిసి పెరిగిన పిల్లల గుంపులోకి మధ్యలో చొరబడటం కష్టం. కొత్త పేటలో ఆ గుంపులు ఇంకా గట్టిపడలేదు.

ఇక స్కూల్ జోన్ల సంగతి. విక్టోరియాలో దాదాపు ప్రతి ప్రభుత్వ బడికీ ఒక జోన్ ఉంటుంది. మీ శాశ్వత చిరునామా ఆ జోన్‌లో ఉంటే ఆ బడి మీ బిడ్డను చేర్చుకోవాల్సిందే. ఫైండ్ మై స్కూల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రసు కొడితే ఏ బడి మీదో చూపిస్తుంది. నగరంలో సాధారణంగా ఇంటి నుంచి తిన్నగా గీత గీస్తే ఏది దగ్గరో అదే మీ బడి. కొత్త బడులు తెరిచినప్పుడు ఈ హద్దులు మారుతుంటాయి కాబట్టి, మీ పిల్ల చేరబోయే సంవత్సరానికి సంబంధించిన మ్యాపే చూడాలి. పాతది చూసి లీజు మీద సంతకం పెట్టకండి. గ్లెన్ వేవర్లీ, బాల్విన్, మెకినన్ లాంటి చోట్ల ప్రభుత్వ హైస్కూలు జోన్ లోపల ఉన్న ఇంటికీ, రోడ్డు దాటి జోన్ బయట ఉన్న ఇంటికీ ధరలో తేడా ఉంటుంది. ఇళ్ల ప్రకటనల్లో ఇంటి గదుల కంటే ముందు జోన్ పేరే రాస్తారు.

ఆ తేడా సొమ్ము పెట్టడం సబబేనా? దీని గురించి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా ఖర్చుపెట్టేది ఇక్కడే.

ఆస్ట్రేలియాలో మూడు, ఐదు, ఏడు, తొమ్మిది తరగతుల పిల్లలకు దేశమంతటా నాప్లాన్ అనే పరీక్ష పెడతారు. 2008లో మొదలైంది, 2023 నుంచి మార్చిలో జరుపుతున్నారు. ఆ ఫలితాలను 2010 నుంచి మై స్కూల్ అనే వెబ్‌సైట్‌లో బడివారీగా ఉంచుతున్నారు. మనవాళ్లు ఆ అంకెలు చూసి బడులకు ర్యాంకులు కట్టేసుకుంటారు. అదే పేజీలో ఇంకో అంకె ఉంటుంది, దాని వైపు చూసేవాళ్లు తక్కువ. దాన్ని ఇక్సియా అంటారు, దాని సగటు 1000. తల్లిదండ్రుల చదువు, వాళ్ల ఉద్యోగాలు, బడి ఉన్న ప్రాంతం, ఆదివాసీ పిల్లల వాటా, వీటిని బట్టి దాన్ని లెక్కగడతారు. 1150 ఉన్న బడి అంటే బాగా చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలు చేరిన బడి అని అర్థం. ఆ పిల్లలకు మంచి మార్కులు రావడంలో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అన్నది విడదీసి చూడాలి. కాబట్టి ఒక బడిని, అలాంటి కుటుంబాల పిల్లలే చదువుతున్న ఇతర బడులతో పోల్చండి. మై స్కూల్ ఆ పోలికను అక్కడే చూపిస్తుంది. 1000 దగ్గర ఉండి, తనలాంటి బడులకంటే మెరుగ్గా చేస్తున్న బడి కనిపిస్తే, నాకు ఆ బడి మీద గౌరవం కలుగుతుంది. ఆ టీచర్లు నిజంగా పనిచేస్తున్నారు.

పన్నెండో ఏడు చివర రాసే వీసీఈ అనే రాష్ట్ర పరీక్షల్లోనూ ఇదే వరస. ప్రతి సబ్జెక్టుకూ 50కి స్కోరు ఇస్తారు, రాష్ట్రం సగటు 30 దగ్గర ఉండేలా సర్దుతారు. బడి మధ్యస్థ స్కోరు 37, 38 ఉన్న చోట్ల చాలావరకు పిల్లల్ని పరీక్ష పెట్టి తీసుకునే బడులో, భారీ ఫీజుల ప్రైవేటు బడులో కనిపిస్తాయి. ఏడాదికి 40 వేల డాలర్లు దాటే ఫీజులున్న బడులూ ఉన్నాయి. ప్రభుత్వంలోనే ఎంపిక పరీక్షతో చేర్చుకునే హైస్కూళ్లు నాలుగు: మెల్‌బోర్న్ హై, మ్యాక్ రాబర్ట్‌సన్ గర్ల్స్ హై, బెరిక్‌లో నోసల్ హై, వెర్రిబీలో సుజాన్ కోరీ హై. వీటికి జోన్ లేదు. ఎనిమిదో ఏడులో పరీక్ష రాసి తొమ్మిదిలో చేరాలి. ఆ పరీక్ష కోసం ఎవరూ పేట మారనక్కర్లేదు. ఆ నాలుగింటిలో చివరిది ఉన్నది పడమటి వైపునే.

నేను చెప్పేదేమిటంటే, జోన్ కోసం ఆస్తులమ్మి ఖరీదైన పేటకు వెళ్తే, ఆ ఇంటి అద్దె కోసం తల్లీ తండ్రీ ఇద్దరూ రెండు షిఫ్టులు పనిచేయాల్సి వస్తుంది. సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చిన పిల్లతో మాట్లాడే మనిషి ఉండరు. బడి ఎంత మంచిదైనా ఆ లోటును తీర్చలేదు. నా కళ్లముందు అలా జరిగిన ఇళ్లున్నాయి, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

సాయంత్రం అన్నాను కాబట్టి ప్రయాణం మాట. ఈ నగరం వెర్రిబీ నుంచి పాకెన్‌హామ్ దాకా 80 కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. ప్రైమరీ బడి మూడున్నరకు అటూ ఇటూగా వదిలేస్తారు. ఆ తర్వాత బడిలోనే నడిచే ఆఫ్టర్ కేర్ సాధారణంగా ఆరింటికి మూసేస్తారు. ఇక మీరే లెక్కవేయండి. తండ్రికి ఉద్యోగం క్లేటన్‌లో, అంటే మొనాష్ యూనివర్సిటీ, పెద్దాసుపత్రి ఉన్న ఆగ్నేయం వైపున. ఇల్లేమో మనవాళ్లున్నారని టార్నీట్‌లో. ఐదింటికి ఆఫీసు వదిలి, మొనాష్ ఫ్రీవే దాటి, నగరం దాటి, వెస్ట్ గేట్ వంతెన ఎక్కి దిగి ఇంటికి చేరాలి. రద్దీ వేళ గంట పైమాటే. ఆరింటికి పిల్లవాణ్ని అందుకోవడం కుదరదు. అలాంటి కుటుంబానికి క్లేటన్ చుట్టుపక్కల చిన్న ఫ్లాటైనా టార్నీట్‌లోని నాలుగు పడకగదుల ఇంటికంటే నయం. అదే డాక్‌లాండ్స్‌లోనో నగరం నడిబొడ్డునో ఉద్యోగమైతే, పడమటి వైపు బాగా కలిసొస్తుంది. పాయింట్ కుక్ వాళ్లకు 2013లో తెరిచిన విలియమ్స్ ల్యాండింగ్ స్టేషన్ ఉంది, మెట్రో రైళ్లు ఆగుతాయి. టార్నీట్ స్టేషన్ 2015లో వచ్చింది. అక్కడ ఆగేవి జీలాంగ్ వెళ్లే వీ లైన్ డీజిల్ రైళ్లు. పొద్దున్నే కిక్కిరిసి ఉంటాయి, స్టేషన్ దగ్గర కారు పెట్టుకునే చోటు త్వరగా నిండిపోతుంది. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే ఇల్లు దొరికితే వారానికి కొంత ఎక్కువ ఇచ్చినా తీసుకోండి.

కారు సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. మన దేశపు లైసెన్సుతో విక్టోరియాలో ఆరు నెలలకు మించి నడపనివ్వరు. ఈలోగా అక్కడి పరీక్షలు రాసి, రోడ్డు మీద నడిపి చూపించి లైసెన్సు తెచ్చుకోవాలి. చాలా ఇళ్లలో తల్లికి ఆ లైసెన్సు రావడానికి సమయం పడుతుంది. అంతవరకు బడి, కిరాణా, డాక్టరు, బస్సు నడక దూరంలో లేకపోతే ఆవిడ నాలుగు గోడల మధ్య చిక్కుకుపోతుంది. మొదటి ఏడాది ఇల్లు ఎంచుకునేటప్పుడు ఆ ఇల్లాలి నడకనే కొలతగా తీసుకోండి.

అమ్మమ్మో నాన్నమ్మో కొన్ని నెలలు వచ్చి ఉండే ఇళ్లకు మనవాళ్లున్న పేట నిజంగా వరం. పొద్దున పార్కులో తెలుగు వినిపిస్తుంది, పక్కింటావిడ కరివేపాకు ఇచ్చి వెళ్తుంది, బతుకమ్మకూ సంక్రాంతికీ ఏదో ఒక హాలు సందడిగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2016లో 34 వేల పైచిలుకు ఉంటే, 2021కి 59 వేలు దాటారు. పప్పులూ ఆవకాయ కోసం ఇప్పుడు ఏ పేటనూ ఎంచుకోనక్కర్లేదు, నగరం నాలుగు వైపులా మన సరుకులు దొరుకుతాయి. గుడికి ఎలాగూ వారాంతంలోనే వెళ్తాం, కారమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయం అయినా, పడమటి వైపున్న దుర్గమ్మ గుడి అయినా.

అద్దె గురించి నాలుగు మాటలు. అక్కడ అద్దె వారానికి చెబుతారు. వారానికి 500 డాలర్లంటే నెలకు 2000 అనుకుని బడ్జెట్ వేసుకుంటారు. ఏడాదికి 52 వారాలు కాబట్టి నెలకు 2,167 పడుతుంది. చేరేటప్పుడు బాండ్ అని మామూలుగా ఒక నెల అద్దె కట్టాలి. ఆ సొమ్ము ఇంటి యజమాని దగ్గర ఉండదు, ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. శనివారాల్లో ఇళ్లు తెరిచి పావుగంట సేపు చూపిస్తారు. ఆ కాసేపట్లో గోడల రంగు చూడకండి, హాల్లో హీటర్ పనిచేస్తోందో లేదో చూడండి. అక్కడి చలికాలం ఇంట్లోనే ఎక్కువ బాధిస్తుంది. అక్కడ మీకు అద్దె చరిత్ర ఉండదు కాబట్టి జీతం తెలిపే ఉత్తరం, బ్యాంకు నిల్వ చూపించే కాగితం, మన దేశంలోని ఇంటి యజమానితో ఇంగ్లీషులో రాయించుకున్న ఉత్తరం దగ్గరుంచుకోండి. మొదటి ఏడాది మాత్రం ఇల్లు కొనొద్దు. దూరాన కొత్త ప్లాట్లు తక్కువలో వస్తున్నాయని తొందరపడినవాళ్లు బడికీ ఉద్యోగానికీ మధ్య నలిగిపోతున్నారు. లీజు అయ్యాక ఇల్లు మారినా, అప్పటికే బడిలో చేరిన బిడ్డను జోన్ దాటారని పంపించెయ్యరు. ఆ వెసులుబాటును వాడుకోండి.

తాత్కాలిక వీసా మీద వెళ్తున్నవాళ్లు ఇంకొకటి అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వ బడిలో మీ పిల్లలకు ఫీజు ఉంటుందా, ఉండదా అన్నది వీసా రకాన్ని బట్టీ రాష్ట్రాన్ని బట్టీ మారుతుంది. విక్టోరియాలో ఒక రకంగా ఉంటే న్యూ సౌత్ వేల్స్‌లో ఇంకో రకంగా ఉంటుంది. ఆఫ్టర్ కేర్‌కు ప్రభుత్వమిచ్చే సబ్సిడీ కూడా తాత్కాలిక ఉద్యోగ వీసావాళ్లకు సాధారణంగా రాదు. ఈ రెండూ తెలియకుండా అద్దెకు ఎంత పెట్టగలమో తేల్చుకోలేం.

ఇదంతా ఒక ఇంటి విషయంలో ఎలా జరిగిందో చెబుతాను. గుంటూరు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. అబ్బాయి రెండో తరగతి, అమ్మాయి తొమ్మిది పూర్తిచేసింది. బంధువులు ట్రుగనినాలో ఉన్నారు, తండ్రికి ఉద్యోగం నగరంలో. నేను వాళ్లతో, బంధువుల ఇంటి పక్కవీధి చూడకముందు అమ్మాయిని వెంటబెట్టుకుని రెండు మూడు హైస్కూళ్లకు వెళ్లి రండి అన్నాను. ముందుగా అడిగితే బడులవాళ్లు తిప్పి చూపిస్తారు. ఏం అడగాలో కూడా చెప్పాను. మా అమ్మాయి ఏ ఏడులో కూర్చుంటుంది? నడి సంవత్సరంలో వచ్చిన పిల్లలకు మొదటి వారాల్లో తోడుగా ఎవరుంటారు? పన్నెండో ఏడులో ఈ ఏడాది ఏయే లెక్కల క్లాసులు నడుస్తున్నాయి? ఆ పాప ఒక బడిలో తిరుగుతూ సైన్స్ ల్యాబ్ దగ్గర ఆగి, తనంతట తానే టీచరును ఏదో అడిగింది. విమానం దిగాక ఆ పిల్ల బయటివాళ్లతో మాట్లాడటం అదే మొదటిసారని తల్లి చెప్పింది. వాళ్లు ఆ బడి జోన్‌లోనే, బంధువుల ఇంటికి కాస్త దూరంగా, పాతదే అయినా రైలు స్టేషన్‌కు దగ్గరగా ఒక ఇల్లు తీసుకున్నారు. తమ్ముడికి ఏ బడైనా ఒకటే, వాడు చక్కగా కలిసిపోయాడు.

ఇక బయల్దేరే కాలం. వీలైతే జనవరి మొదటి వారంలో దిగేలా చూసుకోండి. కొత్త టర్ము మొదలయ్యేలోగా ఇల్లు వెతకడానికి మూడు వారాలు దొరుకుతాయి. ఆ నెలలో యూనివర్సిటీ పిల్లలు కూడా ఇళ్లకోసం తిరుగుతుంటారు కాబట్టి పోటీ ఉంటుంది. పెద్దబిడ్డ పది, పదకొండుల్లో ఉంటే మాత్రం ఆ పోటీకి ఓర్చుకోవడమే మంచిది. మన దేశం నుంచే లీజు ఖాయం చేసుకోకుండా కొన్ని వారాలకు ఏదైనా తాత్కాలిక బస చూసుకోండి, బడులు చూశాకే సంతకం చేయండి. ప్రైమరీ బడిలో చేర్చేటప్పుడు టీకాల రికార్డు అడుగుతారు. మన టీకాల కార్డు చూపించి అక్కడి రిజిస్టరులో ఎక్కించుకున్నాకే వాళ్లకు కావలసిన పత్రం వస్తుంది. చాలా ఇళ్లలో ఆ కార్డు మీద చేతిరాత చెరిగిపోయి ఉంటుంది. కాబట్టి టికెట్లు కొనకముందే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ తేదీన ఏ టీకా వేశారో ఇంగ్లీషులో స్పష్టంగా రాయించి, ముద్ర వేయించుకుని, ఆ కాగితాన్ని పాస్‌పోర్టులతో పాటు చేతిసంచీలో పెట్టుకోండి. పెద్దబిడ్డ గత రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు కూడా అందులోనే ఉంచండి, హైస్కూలువాళ్లు మొదట అడిగేది అవే.